అరికాళ్లు నల్లబడే డాబా

గోదావరి ఎక్స్‌ప్రెస్ దువ్వాడ దాటగానే బోగీ అంతా లేచి బ్యాగులు సర్దుకోవడం మొదలెడుతుంది. నేను మాత్రం తలుపు దగ్గరికెళ్లి నిలబడతా. చిన్నప్పటి అలవాటు. వైజాగ్ వచ్చేసిందని నాకు ముందు చెప్పేది ముక్కు. కాస్త ఉప్పు, కాస్త డీజిలు, ఎక్కడో తడిసిన బొగ్గు. మీకు బీచ్ రోడ్డు, కైలాసగిరి, ఆర్.కె. బీచ్‌లో మురీమిక్చర్ గుర్తొస్తాయేమో. నా వైజాగ్ అది కాదు. పాత పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి, కురుపాం మార్కెట్ మీదుగా నడిచి, కోటవీధి సందుల్లోకి తిరిగితే వచ్చే పాత ఊరు. అమ్మమ్మ ఊరు.

ఈసారి సెలవులకి రాలేదు. అమ్మ పంపిస్తే వచ్చా. "ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడితే మూడోది దగ్గే వస్తోంది. మొన్న సంక్రాంతికి రాత్రంతా కూర్చునే ఉందట, పడుకుంటే ఆయాసమట. నా మాట వినదు. నువ్వెళ్లి హైదరాబాద్ తీసుకొచ్చెయ్" అంది. ఆఫీసులో మూడు రోజులు లీవు పెట్టాను. తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు బుక్ చేశాను. అమ్మమ్మకి లోయర్ బెర్త్.

మే నెల. పొద్దున్న ఆరున్నరకే చెమట. అమ్మమ్మ గుమ్మం ముందు కళ్లాపి జల్లి ముగ్గేస్తోంది. నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "ఒలే గుంటా, చిక్కిపోయావేటే! బేగి లోపలికి రా, కాళ్లు కడుక్కో." అంతే, ఆ ఒక్క వాక్యానికే మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది. నేను లెక్కపెట్టాను.

మా అమ్మమ్మ ఇల్లు మీలో చాలామంది తాతయ్యల ఇళ్లలాంటిదే. ముందు గది, నడి గది, వంటిల్లు, వెనక చిన్న దొడ్డి, పైన డాబా. ఆ డాబాకి మా పిల్లల భాషలో ఒక పరీక్ష ఉండేది. వేసవి సెలవుల్లో ఒట్టి కాళ్లతో పదిసార్లు అటూ ఇటూ పరుగెత్తి, చివర్లో అరికాళ్లు ఎత్తి చూపించాలి. ఎవరివి ఎక్కువ నల్లగా ఉంటే వాళ్లు గెలిచినట్టు. మా పెద్ద మావయ్య చిన్నప్పుడు ఎరుపు పోటీ కూడా ఉండేదట. బైలదిల్లా నుంచి రైళ్ల మీద వచ్చే ఇనప ఖనిజం ఇక్కడే ఓడలెక్కి జపాన్‌కి వెళ్లేది కదా, ఆ పొడి ఎర్రగా పడేదట. మా కాలానికి బొగ్గు రంగు వచ్చేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది గానీ అప్పుడు అదొక ఆట.

ఆ రోజు టీ తాగి డాబా ఎక్కాను. చెప్పులు కిందే వదిలేశాను, కావాలనే. పదడుగులు నడిచి కాలు ఎత్తి చూసుకున్నాను. ఏమీ మారలేదు. తులసి ఆకు మీద వేలితో గీస్తే గీత పడింది. ఆరేసిన తెల్ల లుంగీ మీద మసి చుక్కలు. జేబులోంచి ఫోన్ తీసి కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల 'సమీర్' యాప్ తెరిచా. విశాఖపట్నం: లేతాకుపచ్చ. 'సంతృప్తికరం'.

నేను కాలు చూశా, ఫోన్ చూశా, మళ్లీ కాలు చూశా. రెంటిలో ఒకటి అబద్ధం చెబుతోందని అనుకున్నా. నిజానికి రెండూ నిజమే చెబుతున్నాయి. అది అర్థం కావడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ముందు యాప్ సంగతి. ఆ అంకె మా డాబా మీది గాలిది కాదు. రామ్‌నగర్‌లో కార్పొరేషన్ ఆఫీసు దగ్గరున్న యంత్రం నుంచి వస్తుంది. మధ్యలో కొన్ని కిలోమీటర్లు, బోలెడన్ని మేడలు. పైగా అది ఈ నిమిషం లెక్క కాదు, గడిచిన ఇరవైనాలుగు గంటల సగటు. సాయంత్రం నాలుగింటికి సముద్రం మీంచి గాలి తిరిగి, ఓ గంటసేపు కళ్లల్లో ఇసక కొట్టినట్టుంటుందే, ఆ గంట సగటులో కరిగిపోతుంది.

రెండోది సైజు. దుమ్ము అంటే మనకి ఒకటే మాట. దాన్ని కొలిచేవాళ్లకి మాత్రం రెండు పేర్లు: పీఎం 10, పీఎం 2.5. పది మైక్రాన్లు, అంతకంటే చిన్నవి మొదటి రకం. రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్నవి రెండోది. మన తల వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు అనుకుంటే, దాని మీద పక్కపక్కనే ముప్ఫై దాకా పేర్చొచ్చు ఆ రెండో రకాన్ని. మన ఎర్ర రక్తకణం కంటే కూడా చిన్నది. నా అరికాలికి అంటింది ఆ రెండు రకాల్లో ఏదీ కాదు, ఇంకా లావుది. అంత బరువున్నది గాల్లో ఎక్కువసేపు నిలవదు, పడిపోతుంది. పడిపోయింది కాబట్టే నాకు కనిపించింది.

లావు దుమ్ము పీల్చామనుకోండి, చాలామటుకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. తుమ్మొస్తుంది, కళ్లు మండుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకి పిల్లికూతలు మొదలవుతాయి. అది కొంచెం లోపలికెళ్లినా, ఊపిరి గొట్టాల గోడల మీద సన్నటి నూగు ఉంటుంది, అది కఫంతో పాటు పైకి నెట్టేస్తుంది. ఉమ్మితే ఉమ్ముతాం, లేదా తెలీకుండానే మింగేస్తాం. అంటే గాల్లో పీల్చింది పొట్టలోకి కూడా వెళ్తుందన్నమాట! సన్నదానికి ఆ బాధ లేదు. అది నేరుగా చివరి గాలి బుడగల్లోకి వెళ్లి కూర్చుంటుంది. అక్కడ నూగు లేదు. అందులో మరీ సన్నవి గోడ దాటి రక్తంలో కలుస్తాయి.

అమ్మమ్మకి ఇదంతా చెప్పాను, చేతులు తిప్పుతూ, యూట్యూబ్ టీచర్‌లాగా. ఓపిగ్గా విని, "కనబడినదాన్ని రోజూ తుడిసేస్తన్నాను కదే. కనబడనిదాన్ని ఎలా తుడవమంటావు?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

రెండో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాను. "నానెక్కడికీ రాను" అని గంట మారాం చేసింది. వచ్చేటప్పుడు కురుపాం మార్కెట్‌లో చేపలు కొందామంటే బయల్దేరింది. అక్కడ ఒక గొట్టం నోట్లో పెట్టి, గట్టిగా పీల్చి, ఒక్కసారిగా ఊదమన్నారు. దాన్ని స్పైరోమెట్రీ అంటారు. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో చూస్తారు. అమ్మమ్మ మూడుసార్లు ఊదింది. మూడుసార్లూ దగ్గుతో ఆగిపోయింది. నాలుగోసారి కుదిరింది. "తిరనాళ్లలో బూర ఊదించినట్టు ఊదిస్తన్నారేటి" అని విసుక్కుంది గానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

డాక్టరమ్మ కాగితం చూస్తూ అడిగింది. "మామ్మగారూ, చుట్ట కాలుస్తారా?"

నేను లేదు అనబోయాను. అమ్మమ్మ నాకంటే ముందే, "అడ్డపొగమ్మా. ఇప్పుడు తగ్గించేను, రోజుకొకటి" అంది.

నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని మా వైపు అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖ వైపు పాతతరం ఆడవాళ్లలో చాలామందికి ఉండేది. అంగిట్లో కాన్సర్లకి అది కారణమని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. నాకు తెలిసి అమ్మమ్మ మానేసి పదేళ్లయింది. తనకి తెలిసి మానలేదు!

"వంట దేని మీద?"

"గ్యాసే కదమ్మా. ముందు పొట్టు పొయ్యి, తరవాత కిరసనాయిలు స్టవ్వు, ఇప్పుడు గ్యాసు."

"మరి చలికాలం స్నానానికి నీళ్లు?"

అమ్మమ్మ ఆగింది. "దొడ్లో నీళ్ల పొయ్యి ఉంది. పేకింగు పెట్టెల చెక్కలు, అట్టలు... ఏదుంటే అది."

"ప్లాస్టిక్ కూడానా?"

"ముట్టించడానికి కవరొకటి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. జబ్బు పేరు సీఓపీడీ అని చెప్పింది. ఊపిరి గొట్టాలు వాచి, బిగుసుకుపోయి, లోపలికెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాకపోవడం. పోయినంత పోయింది, తిరిగి రాదు; ఉన్నది కాపాడుకోవచ్చు అంది. నేను ఆత్రంగా, "మా ఇంటి మీద బొగ్గుపొడి పడుతుందండీ, దానివల్లేనా?" అని అడిగేశాను. నాకు దోషి పేరు కావాలి. ఒకటే పేరు, స్పష్టంగా.

"ఊపిరితిత్తి బిల్లు రాయదమ్మా, చుట్టకి ఇంత, పొయ్యికి ఇంత, లారీకి ఇంత, బొగ్గుకి ఇంత అని. మొత్తం కూడి ఒక్కటే అంకె ఇస్తుంది" అంది ఆవిడ. "మీరు తీసేయగలిగింది ముందు తీసేయండి. మిగతాదాని గురించి తర్వాత గొడవ పడదాం."

బయటికొస్తుంటే మళ్లీ పిలిచి బీపీ, ఈసీజీ కూడా చూపించుకోమంది. ఊపిరికీ గుండెకీ ఏంటి సంబంధం అనిపించింది. ఆటోలో ఫోన్ తీసి చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం బయటి గాలి కాలుష్యం వల్ల 2019లో ప్రపంచంలో సుమారు 42 లక్షల మంది ఆయుష్షు తీరకుండానే పోయారు. వాళ్లలో మూడింట రెండొంతుల మందిని చంపింది ఊపిరితిత్తుల జబ్బు కాదు, గుండెపోటూ పక్షవాతమూ. రక్తంలోకి దిగిన సన్న కణాలు రక్తనాళాల లోపలి గోడని వాచేలా చేస్తాయి. రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఊపిరితిత్తుల కాన్సర్ సంగతి సరేసరి. కణ కాలుష్యాన్ని 2013లోనే మనిషికి కాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో చేర్చారు, పొగాకు ఉన్న జాబితాలోనే.

తాత గుర్తొచ్చాడు. హార్బర్‌లో కళాసీగా చేసేవాడు. యాభై ఆరేళ్లకి, డ్యూటీ దిగి ఇంటికొచ్చి, మంచినీళ్లడిగి, అవి తెచ్చేలోపు పోయాడట. గుండెపోటు. బీడీలు ఎక్కువ, టీలు ఎక్కువ అని అందరూ అనుకున్నారు. అవీ ఉన్నాయి, కాదనను. ఈ బిల్లు కూడా మొత్తమే.

సాయంత్రం చల్లబడ్డాక రాస్ హిల్ ఎక్కాను. వైజాగ్ వెళ్తే మీరూ ఎక్కండి, బీచ్ సెల్ఫీలు తర్వాత. పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. కింద ఓడలు హార్బర్‌లోకి వెళ్లే సన్నటి కాలవ. దాని అవతల డాల్ఫిన్స్ నోస్. ఓడ వస్తుంటే ఊరి మధ్యలోంచి ఒక అపార్టుమెంటు కదిలి వెళ్తున్నట్టుంటుంది. మా తాత మూడు మతాల దేవుళ్లకీ దండం పెట్టి డ్యూటీకెళ్లేవాడట, ఓడలు దేవుడి ముందు నుంచే కదా వెళ్లాలి అని.

అక్కడ నిలబడితే ఊరి ఆకారం అర్థమవుతుంది. ఒకవైపు యారాడ కొండలు, ఇంకోవైపు సింహాచలం కొండలు, అటు కైలాసగిరి. మధ్యలో గిన్నె. 1933లో లోపలి హార్బర్ తెరిచినప్పుడు ఈ గిన్నె పెద్ద వరం. తుఫానుల నుంచి ఓడలకి రక్షణ. తర్వాత ఆ గిన్నెలోనే ఫ్యాక్టరీలు, రైల్వే యార్డులు, లారీలు, ఇళ్లు, 1976కి బయటి హార్బర్ కూడా. తుఫాను గాలిని ఆపిన కొండలే పొగని కూడా ఆపుతాయి.

కొండ దిగుతూ అమ్మమ్మ మాట ఒకటి మనసులో తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం చేపలు తోముతూ అంది: "ఇప్పుడు డాబా ఇంత నల్లగుంది, నానేమో బాగానే ఉన్నాను. సంక్రాంతి నెల్లో డాబా ఇంత నల్లగుండదు. దగ్గు మాత్రం అప్పుడే సంపేత్తది. నువ్వేటో కబుర్లు చెప్తున్నావు."

ఆ మాటకి సమాధానం కొండ మీద దొరికింది. వేసవిలో నైరుతి గాలి బలంగా ఉంటుంది. ఎండిన కుప్పల మీంచి, రోడ్ల మీంచి లావు పొడిని లేపి తెచ్చి పాత ఊరి డాబాల మీద పోస్తుంది. అదే గాలి సన్న పొగని చెదరగొట్టి తీసుకుపోతుంది. అందుకే డాబా నలుపు, యాప్ పచ్చ. చలికాలం తిరగేసి చూడండి. గాలి కదలదు. రాత్రిళ్లు నేల చల్లబడి, దాని మీది గాలి చల్లగా, పైన వెచ్చటి గాలి మూతలా పడుతుంది. లావు పొడి లేవదు. సన్న పొగ మాత్రం ఎక్కడికీ పోలేక గిన్నెలోనే ఉంటుంది, మన ముక్కు ఎత్తులో. సరిగ్గా ఆ నెలల్లోనే, తెల్లారి ఐదింటికి, మా అమ్మమ్మ దొడ్లో గోడ పక్కన ముక్కాలిపీట వేసుకుని నీళ్ల పొయ్యి ఊదుతూ కూర్చుంటుంది.

అంటే మేమంతా ఇన్నేళ్లూ డాబా వైపు చూశాం. వెనక దొడ్డి వైపు చూడలేదు.

మేమే కాదులెండి. 2019 జనవరిలో కేంద్రం గాలి శుభ్రం చేసే జాతీయ కార్యక్రమం మొదలెట్టినప్పుడు ఆ జాబితాలో విశాఖ కూడా ఉంది, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలుతో పాటు. ఆ కార్యక్రమంలో నగరాలకి మార్కులు వేసేది పీఎం 10 చూసి. దాంతో డబ్బులో పెద్ద వాటా రోడ్లు ఊడ్చే యంత్రాలకీ, నీళ్లు చల్లే ట్యాంకర్లకీ పోయింది. అవి వద్దని కాదు. హార్బర్ వైపు కూడా కుప్పల మీద నీళ్లు చల్లడం, టార్పాలిన్లు కప్పడం ఉన్నాయి, ఉండాలి. కానీ చూడండి, ప్రభుత్వమైనా మా అమ్మమ్మైనా చీపురు పట్టుకునేది కనిపించేదాని మీదే. మన దేశం పీఎం 2.5కి పెట్టుకున్న ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. మన దగ్గర పాసైనా అక్కడ ఎనిమిది రెట్లు ఫెయిల్ అన్నట్టు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు ఊరంతా పరుగెత్తింది, దేశమంతా టీవీలు చూసింది. పొయ్యి పొగకి ఎవరు పరుగెత్తుతారు?

మూడో రోజు నీళ్ల ట్యాంకు కడిగించాను. ఇది నా ప్లాన్‌లో లేదు. పొద్దున్న మొహం కడుక్కుంటే బకెట్టు అడుగున నల్లటి నలక కనిపించింది. పక్కింటి కుర్రాడు డాబా ఎక్కి ట్యాంకులోకి టార్చి వేసి, "అక్కా, మూత పగిలిపోయుంది, ఎప్పుడు పగిలిందో ఏటో" అన్నాడు. అడుగున వేలు మందాన బురద, మసి. ఇద్దరం కలిసి మగ్గులతో తోడి పోశాం. అమ్మమ్మ కిందనుంచి, "నాను తాగే నీళ్లు అవి కావులే, టిన్నువే" అని అరుస్తోంది. కానీ పళ్లు తోముకునేది, బియ్యం కడిగేది ఆ నీళ్లతోనే.

నీళ్లలో నలక అంటే చూడ్డానికి అసహ్యం, అంతే అనుకుంటాం. అసలు ఇబ్బంది వేరే ఉంది. మట్టి, మసి కణాల చాటున సూక్ష్మక్రిములు దాక్కుంటాయి. క్లోరిన్ వేసినా వాటిదాకా చేరదు, సగం ఆ మట్టికే ఖర్చయిపోతుంది. అందుకే తాగేనీళ్ల మసకకి కూడా కొలత పెట్టారు. మన దేశపు ప్రమాణం ఒక యూనిట్. వేరే దారి లేకపోతే ఐదు దాకా. అంటే కంటికి మసక తెలిసేసరికే హద్దు దాటినట్టు లెక్క. సీసం లాంటి లోహాలు కూడా ఆ కణాలకే అంటుకుని ప్రయాణం చేస్తాయి. మా ముత్తమ్మమ్మ వాళ్లు కుండలో చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చుకునేవాళ్లట, తర్వాత పటిక వచ్చింది. తేర్చడం ముందు, మందు తర్వాత అన్న వరస వాళ్లకి తెలుసు. మనం ముందు క్లోరిన్ బిళ్ల వేసి, తర్వాత నలక చూసి మొహం తిప్పుకుంటున్నాం.

కొత్త మూత నాలుగు వందల యాభై రూపాయలు. చిరాకేసింది. ఇంతకాలం ఒక మూత కొనలేదా మేం?

ఆ మధ్యాహ్నం అసలు గొడవ జరిగింది. నేను ఫోన్‌లో టికెట్లు చూపించి, "రాత్రికి బయల్దేరదాం" అన్నాను.

"మీ ఊళ్లో గాలి బాగుంటాదా?" అమ్మమ్మ అడిగింది.

"ఇక్కడికంటే..." అంటూ యాప్‌లో హైదరాబాద్ నొక్కాను. పసుపుపచ్చ. 'మధ్యస్థం'. వైజాగ్ కంటే ఒక మెట్టు కింద. నొక్కకుండా ఉండాల్సింది.

"అదేటి రంగు?"

"పసుపు."

"పచ్చదొగ్గేసి పసుపుకి రమ్మంటావా?" అని నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు రెండు నిమిషాలు ఆగలేదు. వీపు రాస్తుంటే నా అరచేతికి ఎముకలు తగిలాయి. తగ్గాక నెమ్మదిగా అంది: "మీ ఫ్లాటులో తలుపేసుకుని కూకుంటాను, నువ్వు ఆఫీసుకెళ్తావు. ఇక్కడ నాకు సత్తువ లేకపోతే పక్కింటి గుంటడు కూర తెస్తాడు. మీ తాత ఈ గదిలోనే పోయాడు. ఎలా రమ్మంటావే?"

మా ఫ్లాటు సంగతి తనకి తెలీదు. చుట్టూ మూడు టవర్లు కడుతున్నారు. బాల్కనీ తలుపు తీసి ఏడాదయింది. నేను ఇంకేమీ అనలేదు. తన టికెట్ క్యాన్సిల్ చేశాను. డబ్బులు సగమే వెనక్కొచ్చాయి.

కానీ ఊరికే వదల్లేదు, బేరమాడాను. అడ్డపొగ పూర్తిగా మానాలి. "సస్తే మానతాను" అంది మొదట. వారానికొకటి అంది. ఒక్కటీ లేదన్నా. చుట్టల కట్ట, అగ్గిపెట్టె నా చేతికిచ్చి, "ఇయ్యి నువ్వే పట్టుకుపో, కనబడితే ఆగలేను" అంది. రెండోది నీళ్ల పొయ్యి. ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి చిన్న గీజర్ బిగించాం. పొయ్యి రాళ్లు పక్కింటి కుర్రాడు తీసి గోడవతల పెట్టాడు. పరవాడ దగ్గర రెండు వేల మెగావాట్ల థర్మల్ స్టేషన్ ఉంది, ఆ గీజర్ కరెంటు కూడా ఏదో ఒక బొగ్గుదే అయ్యుంటుంది, తెలుసు. కానీ ఆ పొగగొట్టం మా అమ్మమ్మ ముక్కు కింద లేదు.

మూడోది ఇన్‌హేలర్. నేరుగా నోట్లో కొట్టుకుంటే మందు సగం గొంతులోనే ఉండిపోతోందని డాక్టరమ్మ స్పేసర్ గొట్టం కూడా రాసింది. ఎలా పీల్చాలో పదిసార్లు ప్రాక్టీసు చేయించా. నాలుగోది డాబా. పొడి చీపురుతో ఊడిస్తే పడుకున్న దుమ్ము లేచి మళ్లీ ముక్కులోకే వెళ్తుంది. నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడవాలి. అదీ తను కాదు, కుర్రాడు, నెలకి మూడొందలు. సాయంత్రం గాలి తిరిగే వేళ హార్బర్ వైపు కిటికీలు మూయాలి. గుడ్డ మాస్కు కట్టుకుంటానంది. అది సన్నదాన్ని ఆపదని చెప్పి ఎన్95 ప్యాకెట్ ఇచ్చా. "ఊపిరాడక సస్తాను" అని గూట్లో పెట్టేసింది. అది ఓడిపోయాను. ఆయాసం ఉన్నవాళ్లకి ఆ మాస్కు నిజంగానే కష్టం.

రాత్రి రైలుకి వెళ్లేముందు గుమ్మంలో నిలబడి చూశా. పొద్దున్న వేసిన ముగ్గు సాయంత్రానికి బూడిదరంగులోకి మారింది. చుట్టల కట్ట నా బ్యాగులో, లాప్‌టాప్ పక్కన. ఎస్6లో ఒక్కదాన్నే ఎక్కాను. అమ్మకి ఫోన్ చేసి చెప్పాలి, ఎలా చెప్పాలో తెలియక అనకాపల్లి దాకా ఫోన్ తీయలేదు. చెప్పాక అమ్మ కాసేపు మాట్లాడలేదు. "సరే, గీజర్ స్విచ్ తడిచేత్తో ముట్టుకోవద్దని చెప్పావా?" అంది.

ఇది జరిగి ఎనిమిది నెలలు. మొన్న సంక్రాంతికి వెళ్లాను. దగ్గు పోలేదు. డిసెంబరులో ఒకసారి మూడు రోజులు నెబ్యులైజర్ పెట్టించుకోవాల్సొచ్చింది. కానీ రాత్రి పడుకుని నిద్రపోయింది, నేను పక్కనే ఉండి చూశా. ఒక వాక్యం మొత్తం ఒక్క ఊపిరిలో అంది కూడా, అది నన్ను తిట్టడానికే అనుకోండి.

ఇప్పుడు రోజూ పొద్దున్న ఏడింటికి ఫోన్ చేస్తుంది. "ఏ రంగే ఈయాల?"

నేను యాప్ తెరిచి చెబుతాను, పచ్చ అనో పసుపు అనో. "ఉండు" అంటుంది. ఫోన్ పెట్టకుండానే చెప్పులు వదిలి మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తుంది. మెట్టుకి ఒక ఊపిరి. పద్నాలుగు మెట్లు. నేను లెక్కపెడుతూ ఉంటాను. పైకి చేరాక కాసేపు ఆగి, కాలెత్తి చూసుకుంటుంది కాబోలు.

"కొంచెమే నలుపు" అంటుంది. "గాలి లేదు. ఈయాల కిటికీ తీయను."